బోధన్‌లో బ్రేకులు లేని సీరియల్

2003 వేసవిలో నన్ను హైదరాబాద్ ప్రధాన కార్యాలయం నుంచి నిజామాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి పంపారు. అప్పుడు నేను ఒక తెలుగు శాటిలైట్ చానెల్‌లో పంపిణీ విభాగం సీనియర్ ఇంజనీర్‌ని. కార్యక్రమాలు తీయడం, ప్రకటనలు అమ్మడం మా పని కాదు. ఉపగ్రహం నుంచి దిగిన మా సిగ్నల్ ఊరూరి కేబుల్ ఆపరేటర్‌కు సరిగ్గా అందుతోందా, అక్కడి నుంచి ఇళ్లకు ఉన్నది ఉన్నట్టు వెళ్తోందా అని చూడడం మా పని. అంతకు కొద్దికాలం ముందే మాది పే చానెల్ అయింది. ప్రతి ఆపరేటర్‌కూ ఒక డీకోడర్ పెట్టె, అందులో ఒక కార్డు ఇచ్చాం. ఆ కార్డును హైదరాబాద్‌లో కూర్చుని ఆపేయవచ్చు. ఆపితే ఆ ఊళ్లో మా చానెల్ ఉండదు. మేము దాన్ని డీయాక్టివేషన్ అనేవాళ్లం. ఆపరేటర్లు మాత్రం 'బొమ్మ గుంజుడు', అంటే బొమ్మను లాగేసుకోవడం, అనేవారు.

నిజామాబాద్ ఆఫీసు బస్టాండుకు దగ్గర్లో ఒక మేడ మీద ఉండేది. నేను, ప్రకటనల విభాగం మనిషి ఒకరు, ఒక గుమాస్తా, గోడకు రెండు టీవీలు, మా ప్రసారం మొత్తాన్ని పగలూ రాత్రీ రికార్డు చేసే క్యాసెట్ యంత్రాలు, కింద ఒక జనరేటర్. నేను చేరిన రెండో వారంలో శంకర్‌లాల్ సేఠ్ మెట్లెక్కి వచ్చాడు. ఆయన గంజ్ మార్కెట్‌లో పసుపు కొని, పొడి పట్టించి ప్యాకెట్లలో అమ్మేవాడు. రాత్రి ఎనిమిది గంటల సీరియల్‌లో ఆయన ప్రకటన రోజూ వచ్చేది.

"మా చెల్లె బోధన్‌ల ఉంటది సార్. నీ పసుపు టీవీల ఎన్నడు చూడలేదు అన్నా అంటది. పక్కింటోళ్లను అడిగితె వాళ్లూ చూడలేదంట. సీరియల్ మాత్రం ఒక్కరోజు ఇడవకుంట చూస్తున్నరంట. గిదెట్ల?" అన్నాడు.

ప్రకటన వేసినట్టు మేము ఇచ్చే టెలికాస్ట్ సర్టిఫికెట్లు ఆయన దగ్గర ఉన్నాయి. అవి అబద్ధం కాదు. మా వైపు నుంచి ప్రకటన వెళ్లింది. బోధన్‌లో ఇంటికి చేరలేదు. మధ్యలో ఏం జరిగిందో చూసి రమ్మని మా విభాగం అధిపతి రామ్మోహన్ గారు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశారు.

బోధన్ ఆపరేటర్ పేరు గంగాధర్. ముప్పై అయిదేళ్ల మనిషి, గట్టి మాటకారి. ఒకప్పుడు వీడియో క్యాసెట్లు కిరాయికి ఇచ్చేవాడట. కేబుల్ వచ్చాక మొదట తీగ లాగింది తానేనని చెప్పుకునేవాడు. ఒక హోటల్ పైన ఆయన కంట్రోల్ రూం. నేను వచ్చిన సంగతి దాపరికం లేకుండా చెప్పాను. ఆయన కూడా ఏమీ దాచలేదు. కుర్చీ జరిపి ఒక కంప్యూటర్ చూపించాడు. నాకు ఏదో బహుమతి ఇస్తున్నంత సంబరంగా చూపించాడు.

కంప్యూటర్‌లో టీవీ కార్డు ఒకటి బిగించి ఉంది. రాత్రి వచ్చే సీరియళ్లన్నీ హార్డ్ డిస్క్ మీదికి ఎక్కుతాయి. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో దొరికిన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆ రికార్డింగును మొదటి నుంచి చివరి దాకా తనంతట తానే తనిఖీ చేస్తుంది. కార్యక్రమం నడిచేటప్పుడు తెర మూలన చానెల్ లోగో ఉంటుంది. ప్రకటనలు వచ్చేటప్పుడు దాన్ని తీసేస్తాం, ఎందుకంటే ఆ కాసేపు తెర మొత్తం ప్రకటనదారుది. కార్యక్రమం ఆగి ప్రకటన మొదలయ్యే చోట రెప్పపాటు తెర నల్లబడుతుంది కూడా. ఆ సాఫ్ట్‌వేర్ ఈ రెండు గుర్తులే వెతుక్కుంటుంది. నలుపు వచ్చి లోగో పోయిన చోటు నుంచి మళ్లీ లోగో వచ్చే దాకా కత్తిరించేస్తుంది. మిగిలిన సీరియల్‌ను మర్నాడు పొద్దున గంగాధర్ తన లోకల్ చానెల్‌లో వేస్తున్నాడు. ఇలాంటి యంత్రాలు ఇళ్లలోకే వచ్చాయని, వాటి మీద అక్కడి చానెళ్లు కోర్టుకు ఎక్కాయని అమెరికా సంగతులు పత్రికల్లో చదివి ఉన్నాం. బోధన్‌లో హోటల్ మేడ మీద చూస్తానని మాత్రం అనుకోలేదు.

ఇది చట్టం ఒప్పుకోదని చెప్పాను. రికార్డు చేసి మళ్లీ వేయడమే తప్పు, ప్రకటనలు తీసేసి వేయడం ఇంకో తప్పు అన్నాను.

"మీ సీరియలే కద సార్ చూపెడ్తున్న, పక్క చానెల్‌ది కాదు గద" అన్నాడు. "రాత్రి మీ సీరియల్ టైముకు కరెంటు పోతది. ఎవలింట్ల చూడుండ్రి, చీకటే. నా కాడ జనరేటరున్నది గనక రికార్డయితది. పొద్దుగాల రెండు గంటలు కరెంటుంటది. అడ్వటైజులతోని ఏస్తే నాలుగు సీరియళ్లు వడ్తయి, తీసేస్తే ఐదు వడ్తయి. ఐదోది గావాలని ఆడోళ్లు పానం తీస్తున్నరు."

రుజువు ఆపరేటర్ గదిలో తీసుకోకూడదు, చందాదారు ఇంట్లోనే తీసుకోవాలి. అది మా నిబంధన. గంగాధరే దగ్గర్లోని రాజవ్వ ఇల్లు చూపించాడు. అక్కడ సిగ్నల్ బాగుంటుందన్నాడు. తన సిగ్నల్ బాగుందని నేను రాస్తే తనకు మేలే అనుకున్నాడో ఏమో, ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు పొద్దున రికార్డింగ్ యంత్రం పట్టుకుని వెళ్లాను. రాజవ్వకు యాభై పైబడి ఉంటాయి. బీడీలు చేస్తుంది. ముందు గదిలో మరో ఏడెనిమిది మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. సీరియల్ మొదలైంది. వాళ్ల కళ్లు తెర మీదే ఉన్నాయి. చేతులు తునికాకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పడేస్తున్నాయి. ఒక సన్నివేశం అయ్యాక బ్రేకు లేకుండానే తర్వాతిది వచ్చేసింది. పదిహేనేళ్లుగా ఈ వృత్తిలో ఉన్న నాకు అది ఊపిరి తీసుకోకుండా మాట్లాడే మనిషిని విన్నట్టు అనిపించింది. వాళ్లకు అలవాటైపోయింది.

వచ్చిన పని వాళ్లకూ చెప్పాను. ప్రకటనల వల్లే సీరియల్ నడుస్తుందని, అవి లేకపోతే సీరియలే ఉండదని వివరించాను. రాజవ్వ చేతిలో పని ఆపకుండా విన్నది.

"మాకు అడ్వటైజులతోని కొట్లాట లేదు సారూ. పొద్దుమూకి కార్ఖానల బీడీలు అప్పజెప్పి ఇంటికొచ్చేటాల్లకు కరెంటు పోతది. పొద్దుగాల ఉన్నంతసేపే సూసుడు. గా రెండు గంటలల్ల ఏది సూపెడితె గదే సూస్తం" అన్నది.

నిజామాబాద్ తిరిగి వచ్చి నివేదిక రాశాను. రుజువు జతచేశాను. సిఫారసు దగ్గర ఆగిపోయాను. లేచి గదిలో తిరిగాను, మళ్లీ కూర్చున్నాను. చివరికి రెండు విషయాలు రాశాను. ఆపరేటర్‌కు నోటీసు ఇచ్చి వారం గడువు ఇవ్వాలి. ఈ ప్రాంతంలో కరెంటు ఉండే వేళకు సరిపడేలా పొద్దున పూట మనమే పునఃప్రసారం చేయాలి. రామ్మోహన్ గారు ఫోన్‌లో మొదటిదానికి కూడా ఒప్పుకోలేదు. ఒక్క ఊరిని చూసీచూడనట్టు వదిలితే నెల తిరిగేసరికి అన్ని ఊళ్లలో ఇదే యంత్రం ఉంటుందన్నారు. ప్రకటనల విభాగం ఆయన మీద ఎంత ఒత్తిడి పెట్టిందో నాకు తెలుసు. ఆయన భయమూ అబద్ధం కాదు. ఆ సాయంత్రమే కార్డు ఆపేశారు.

మర్నాడు పొద్దున నేను ఆఫీసులో ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయాను. పదకొండు గంటలకు మొదటి ఫోన్ మోగింది. ఎత్తితే ఒక ఆడమనిషి, "సీరియల్ ఎందుకు బందు వెట్టిండ్రు?" అని అడిగింది. పెట్టేసిన వెంటనే మళ్లీ మోగింది. గంగాధర్ తన లోకల్ చానెల్‌లో మా ఆఫీసు నంబరు పెట్టి, 'చానెల్ వాళ్లు బోధన్‌కు బొమ్మ ఆపిండ్రు, వాళ్లనే అడుగుండ్రి' అని కింద స్క్రోలింగ్ వేశాడు. రోజంతా అదే పని. గుమాస్తా ఫోన్ తీసి పక్కన పెట్టాడు. నేను మళ్లీ యథాస్థానంలో పెట్టాను. ఎత్తి వినడం కంటే పక్కన పెట్టి కూర్చోవడమే నాకు కష్టమైంది.

మూడో రోజు గంగాధరే వచ్చాడు. మొదటి రోజు చూసిన సంబరం లేదు. నీళ్లిస్తే తాగలేదు, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నిజామాబాద్ పెద్ద ఆపరేటర్ మా బోధన్‌ల శక్కర్‌నగర్ దిక్కు తీగ గుంజుతుండు సార్. మా కాడ బొమ్మ వస్తది, మా లైన్ తీసుకోండ్రి అని ఇంటింటికి మనుషులను తోలిండు. మీరు హైద్రబాద్‌ల బటన్ ఒత్తిండ్రు. ఈడ నా గల్లీలు వోతున్నయి. ఒక్కసారి తీగ మార్చుకున్నోడు మళ్ల నా దిక్కు వస్తడా?"

యంత్రం తీసేస్తానని రాసివ్వమన్నాను. రాసిస్తానన్నాడు. "కని పొద్దుగాల ఏం ఏయాలె? అది చెప్పుండ్రి" అన్నాడు.  ఆయన రాసిచ్చింది అప్పుడే హైదరాబాద్‌కు పంపాను. రెండు రోజులు అక్కడి నుంచి పలుకు లేదు. నేను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేసి, రామ్మోహన్ గారు మీటింగ్‌లో ఉన్నారన్న మాట విని పెట్టేస్తూ వచ్చాను.

ఆ తర్వాతి రోజు పది మంది ఆడవాళ్లు మా మెట్లెక్కి వచ్చారు. ముందు రాజవ్వ ఉంది. ఏదో పని మీద నిజామాబాద్ వచ్చి ఇటు వచ్చామన్నారు. గొడవ చేస్తారేమోనని గుమాస్తా తలుపు దగ్గర నిలబడ్డాడు. రాజవ్వ నన్ను గుర్తుపట్టి, "సారూ, కథ యాడిదాకొచ్చింది?" అని అడిగింది.

నేను ఆ సీరియల్ సిగ్నల్ చూశాను గాని కథ ఎప్పుడూ చూడలేదు. ప్రకటనల విభాగం మనిషిని అడిగితే ఆయనకు బ్రేకుల సమయాలు తెలుసు, కథ తెలియదు. గుమాస్తాకూ తెలియదు. చివరికి మా రికార్డింగ్ క్యాసెట్లలో వాళ్లు చూడని భాగాలు వెతికి తీశాను. ఆడవాళ్లంతా కింద కూర్చున్నారు. క్యాసెట్ పెట్టాను.

మా క్యాసెట్లలో ప్రసారం మొత్తం ఉంటుంది, ప్రకటనలతో సహా. మొదటి బ్రేకు రాగానే ముందుకు తిప్పుదామని చెయ్యి యంత్రం మీదికి పోయింది. "ఉండనియ్యి సారూ, ఇప్పుడేం తొందర లేదు" అన్నది ఒకామె. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సబ్బు ప్రకటన చూశారు, చీరల దుకాణం ప్రకటన చూసి రంగుల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత శంకర్‌లాల్ సేఠ్ పసుపు వచ్చింది. ఒకావిడ, "గిది మన నిజామాబాద్ పసుపేనా? గింత పచ్చగ ఏ పసుపు ఉంటది?" అన్నది. ఆమె అన్నదమ్ములు పసుపు పండిస్తారట. మిగతావాళ్లు నవ్వారు. మరొకామె ప్యాకెట్ యాడ దొరుకుతదని అడిగింది.

నేను లేచి పక్కగదిలోంచి సేఠ్‌కు ఫోన్ చేశాను. గంజ్ దగ్గరే. స్కూటర్ మీద వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి, తన పసుపును పది మంది బోధన్ ఆడవాళ్లు చూడడం చూశాడు. రెండో క్యాసెట్‌లో మళ్లీ వచ్చినప్పుడు ఇందాక రంగును అనుమానించిన ఆమె మళ్లీ అదే మాట అన్నది. సేఠ్ ముందుకొచ్చి అది తన పసుపేనని, టీవీలో రంగు ఎక్కువ కనపడుతుందని, ఒకసారి వాడి చూడమని చెప్పాడు. వాళ్లకూ ఆయనకూ మధ్య సీరియల్ వినపడనంత ముచ్చట నడిచింది. రాత్రి కరెంటు పోయే సంగతీ, పొద్దున రెండు గంటల సంగతీ అందులోనే వచ్చాయి.

వాళ్లు వెళ్లాక సేఠ్ కూర్చున్నాడు. "ఈళ్లకు నా పసుపు అంటె గిట్టదనుకున్న సార్. చూసేటందుకు వాళ్లకు టైమే లేదు గద" అన్నాడు. నేను నివేదికలో రాసింది అదే. కాని నా మాట వేరు, ప్రకటనదారు మాట వేరు. ఆయన మా టేబుల్ మీది ఫోన్ నుంచే ప్రకటనల విభాగం పెద్దతో మాట్లాడాడు. బోధన్‌కు బొమ్మ ఇవ్వాలి, పొద్దున పూట సీరియల్ మళ్లీ వేయాలి, అందులో తన పసుపు ఉండాలి, లేకపోతే తన ప్రకటన ఆపుకుంటానన్నాడు. సాయంత్రానికల్లా కార్డు పనిచేసింది.

గంగాధర్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాను.  "శక్కర్‌నగర్ పోయింది సార్" అన్నాడు. ఆ గల్లీలు ఆయనకు తిరిగి రాలేదు.

పునఃప్రసారానికి ప్రధాన కార్యాలయంలో అన్ని విభాగాలూ ఒప్పుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. ఈలోగా జరిగిన సంగతి కూడా చెప్పాలి. యంత్రాన్ని యంత్రంతోనే ఎదుర్కోవాలని అక్కడ నిర్ణయించారు. ప్రకటనలు వచ్చేటప్పుడు కూడా లోగో తీయవద్దని ప్రసారం గదికి ఆదేశం వెళ్లింది. బ్రేకు దగ్గర వచ్చే రెప్పపాటు నలుపును తీసేశారు. గంగాధర్ కాగితం రాసిచ్చినా, పొద్దున వేయడానికి వేరే ఏమీ లేక, జనం ఊరుకోక, మళ్లీ ఆ కంప్యూటర్‌నే నడిపాడు. లోగో ఎప్పుడూ ఉండేసరికి సాఫ్ట్‌వేర్ నలుపును మాత్రమే పట్టుకుని కత్తిరించడం మొదలుపెట్టింది. ఆ వారమే సీరియల్‌లో నాయిక తండ్రి చనిపోయే భాగం. చీకటి గది, చిన్న దీపం, మాటలు లేవు. ఆ సన్నివేశం మొత్తం పోయింది. దాని ముందూ వెనకా ఉన్న తల నూనె ప్రకటనలు చెక్కుచెదరకుండా వచ్చాయి. అంతకుముందు రోజు బతికున్న తండ్రికి ఈ రోజు దినాలు చేస్తున్నారు. ఆయన ఎప్పుడు పోయిండో చెప్పమని ఆడవాళ్లు గంగాధర్ హోటల్ మేడ ఎక్కారు. ఆయనకూ తెలియదు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, కంప్యూటర్ నుంచి ఆ టీవీ కార్డు పీకేశానన్నాడు. అది మేము అడిగినందుకు కాదు. ఆ యంత్రం మీద ఆయనకే నమ్మకం పోయింది.

ప్రధాన కార్యాలయంలో మాత్రం ఇది విజయంగా లెక్కకొచ్చింది. ఎక్కువ రోజులు నిలవలేదు. తమ ప్రకటన మీద చానెల్ గుర్తు ఉండడానికి పెద్ద ప్రకటనదారులు ఒప్పుకోలేదు. లోగో మళ్లీ ప్రకటనల్లోంచి తొలగింది. ఇక ప్రకటనల విభాగం వేరే దారి పట్టింది. ప్రకటన బ్రేకులో ఉంటేనే కదా కత్తెర పడేది, కథలోనే పెడితే ఎవరు తీస్తారన్నారు. కొన్నాళ్లకు సీరియల్‌లో అత్త కోడలికి వంట నేర్పుతూ పసుపు ప్యాకెట్ పేరు కెమెరాకు కనపడేట్టు పట్టుకుని, అందులోని గుణాలు చెప్పడం మొదలుపెట్టింది. తెర కింద ప్రకటనల పట్టీలు వచ్చాయి. ఒకసారి బోధన్ వెళ్లినప్పుడు రాజవ్వ నాతో, "ఇంతకుముందు అడ్వటైజ్ వస్తె లేసి పొయ్యి సూసుకొని వచ్చేటోళ్లం సారూ. ఇప్పుడు ఎప్పుడు లేవాల్నో సమజైతలేదు" అన్నది.

పొద్దున పునఃప్రసారం చివరికి మొదలైంది. బ్రేకులు కుదించారు. ఐదు సీరియళ్లకు చోటు రాలేదు, నాలుగే పట్టాయి. ఐదోదాని కోసం కొందరు గంగాధర్‌ను అడుగుతూనే ఉన్నారు. రామ్మోహన్ గారు నా సిఫారసు ప్రస్తావన ఎన్నడూ తేలేదు. కార్యాలయం రికార్డుల్లో అది ప్రకటనదారు సూచనగానే ఉంది. ఆ ప్రకటనదారు శంకర్‌లాల్ సేఠ్ మరుసటి ఏడాది మా చానెల్‌లో ప్రకటన తగ్గించి, బోధన్ వరకు గంగాధర్ లోకల్ చానెల్‌లోనే స్క్రోలింగ్ వేయించుకున్నాడు. బోధన్, పక్కనున్న వర్ని మనుషులకు తన పసుపు చూపడానికి రాష్ట్రమంతా ఎందుకన్నాడు. గంగాధర్ కొన్నేళ్లు ఒంటరిగా నెట్టుకొచ్చి, ఆ పెద్ద ఆపరేటర్‌తోనే భాగస్వామి అయ్యాడు. మనిషి దెబ్బతిన్నాడు గాని కూలిపోలేదు. మాట మాత్రం ముందుకంటే తక్కువైంది.

నేను పదవీ విరమణ చేసే నాటికి ఇళ్ల మీద చిన్న డిష్‌లు, ఇళ్లలో రికార్డు చేసుకునే సెట్ టాప్ పెట్టెలు వచ్చేశాయి. ప్రకటనను దాటించే మీట చూసేవాడి చేతికే వచ్చింది. ఆపేయడానికి మధ్యలో ఆపరేటర్ కార్డు లేదు. అప్పటి మా ఆఫీసు సమావేశాల్లో అందరూ మళ్లీ లోగో గురించి, నలుపు గురించి, ఎలా అడ్డుకోవాలన్న దాని గురించే మాట్లాడారు.

బోధన్ వ్యవహారం నాకు నేర్పింది ఒక పని పద్ధతి. ఎక్కడైనా ప్రకటనలు తెగుతున్నాయని ఫిర్యాదు వస్తే, ఎలా తెగుతున్నాయని తెలుసుకోవడం ఇంజనీరుకు సులువు. ఎందుకు తెగుతున్నాయన్నది కంట్రోల్ రూంలో తెలియదు, చూసేవాళ్ల ఇంట్లో కూర్చుంటేనే తెలుస్తుంది. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి చోటా, కార్డు ఆపమని రాసే ముందు అలా ఒక పూట కూర్చునేవాణ్ని. కొన్నిసార్లు కార్డు ఆపమనే రాశాను. కొన్నిసార్లు రాయలేదు. రాసినా రాయకపోయినా కారణం ఏమిటో నాకు తెలిసే చేశాను.